క్రిమ్సన్ రోజ్ సీతాకోకచిలుక: దాని ఆనవాళ్ళు, దాని మొక్క

సీతాకోకచిలుకను గుర్తుపట్టాలంటే రెక్కల మీద రంగు చూస్తే చాలని మనలో చాలామంది అనుకుంటాం. చాలా జాతుల విషయంలో అది నిజమే. కాని మన కోస్తాలో విరివిగా ఎగిరే ఒక నల్లని సీతాకోకచిలుక దగ్గర ఆ లెక్క తప్పుతుంది. రెక్కలు చూస్తే ఒక్కలాగే వుండి, జాతులు మాత్రం వేరయినవి రెండు, ఒకే పొద మీద వాలుతుంటాయి. ఒకటి ఒంటినిండా విషం నింపుకున్నది. రెండోది దాని వేషం మాత్రమే వేసుకున్నది. ఆ మొదటిదాని పేరు క్రిమ్సన్ రోజ్. శాస్త్రీయనామం పాక్లియోప్టా హెక్టర్. దాన్ని గుర్తుపట్టడం ఎలాగో, గుర్తుపట్టినందువల్ల మనకు ఒరిగేదేమిటో చెప్పడం ఈ వ్యాసం వుద్దేశం.

నేను గూడూరు వైపు నుంచి వచ్చిన రైతుబిడ్డను. మాకు నిమ్మతోట వుంది. సీతాకోకచిలుక అంటే మా ఇంట్లో ముందు గుర్తుకొచ్చేది అందం కాదు, నిమ్మ చిగురు కొరికే పురుగు. జువాలజీలో చేరాక రెండేళ్ళుగా సెలవులకు వెళ్ళినప్పుడల్లా తోటలో, చేనుగట్ల మీద కనిపించినవాటిని నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. పుస్తకాల్లో చదివిన సంగతులకు ఆ నోట్సులోవి కొన్ని జోడించి ఇక్కడ చెబుతున్నాను.

ఎక్కడ, ఎప్పుడు

క్రిమ్సన్ రోజ్ మన దేశానిది, శ్రీలంకది. దక్షిణాదిలో, తూర్పు తీరం పొడుగునా బెంగాలు దాకా కనిపిస్తుంది. అడవుల్లోనూ, తక్కువ ఎత్తు కొండల్లోనూ వున్నా, దీనికి అసలైన చోటు వేడి మైదానాలు, సముద్రం దగ్గరి ఇసుక నేలలు, బీళ్ళు, తోటల కంచెలు. ఏడాది పొడుగునా ఎగురుతుంది గాని, మా వైపు ఈశాన్య రుతుపవనం వానలు పడి నేల పచ్చబడ్డాక, అంటే కార్తీకమాసం ఆ దరిదాపుల్లో, ఎక్కువగా చూశాను. కొన్ని కాలాల్లో ఇవి గుంపులు గుంపులుగా ఒకే దిక్కుకు వలసపోవడం కూడా దక్షిణ భారతంలో, శ్రీలంకలో పరిశీలకులు గమనించారు.

పొద్దున్నే ఎండ పొడ తగిలే కొమ్మ మీద రెక్కలు పరుచుకుని ఒళ్ళు కాచుకుంటుంది. తరువాత పూలకు బయలుదేరుతుంది. మన వాళ్ళు పులికంప అనే లాంటానా పొదలంటే దీనికి బాగా ఇష్టం. సాయంత్రానికి చాలా చిలుకలు ఒక్కచోట చేరి, ఎండు పుల్లలకు వరుసగా వేలాడుతూ నిద్రపోతాయి. అలాంటి కొమ్మ ఒక్కటి దొరికితే గుర్తులన్నీ నింపాదిగా చూసుకోవచ్చు.

అయిదు గుర్తులు

దూరం నుంచి మొదలుపెట్టి దగ్గరకు వచ్చే వరసలో ఇస్తున్నాను. పరిశీలనలో కూడా ఈ వరసే బాగుంటుంది.

1. పరిమాణం, ఆకారం: పెద్ద సీతాకోకచిలుక. రెక్కలు చాస్తే ఈ కొస నుంచి ఆ కొసకు 9 నుంచి 11 సెంటీమీటర్లు. వెనక రెక్కలకు చిన్న తోకలుంటాయి. ఇది తోకచిలుకల కుటుంబమైన పాపిలియోనిడేకు చెందుతుంది.

2. ఎగిరే తీరు: తొందర లేదు. నేలకు కొంచెం ఎత్తున, రెక్కలు మెల్లగా ఆడిస్తూ, పెళ్ళికి వచ్చిన పెద్దమనిషిలా తాపీగా పోతుంది. పిట్ట దగ్గరగా వచ్చినా పెద్దగా కంగారుపడదు.

3. ముందు రెక్క: నల్లని నలుపు. దాని మీద రెండు తెల్లని పట్టీలు. ఒకటి వెడల్పయినది, రెక్క పై అంచు మధ్య నుంచి వెనక మూలకు ఏటవాలుగా దిగుతుంది. రెండోది పొట్టిది, రెక్క కొస దగ్గర వుంటుంది. రెండూ ఏకధారగా కాక, నల్లని ఈనెలతో ముక్కలు ముక్కలుగా తెగి కనిపిస్తాయి.

4. వెనక రెక్క: నలుపు మీద రెండు వరసల ఎర్రని మచ్చలు. లోపలి వరస మచ్చలు కాస్త పెద్దవి, అంచు వరసవి నెలవంకల్లా వుంటాయి. కుంకుమ ఎరుపు కంటే ముదురుగా, మంచి మెరుగుతో వుంటుంది ఆ రంగు. ఆడదానిలో ఈ మచ్చలు కొంత వెలిసినట్టుంటాయి. తెల్లమచ్చ మాత్రం ఈ వెనక రెక్క మీద వుండదు.

5. ఒళ్ళు: అన్నిటికన్నా ముఖ్యమైన గుర్తు ఇదే. తల ఎరుపు, ఛాతీ పక్కలు ఎరుపు, పొట్టలో చాలా భాగం ఎరుపు. వీపు వైపు ఛాతీ, పొట్ట మొదలు మాత్రమే నలుపు. పూల మీద వాలినప్పుడు పక్కనుంచి చూస్తే ఈ ఎరుపు కనపడకపోవడం జరగదు.

మొదటి నాలుగు గుర్తులూ కలిసినా అయిదోది చూడనిదే పేరు రాయవద్దని నా సలహా. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

ఇద్దరు పోలికలవాళ్ళు

క్రిమ్సన్ రోజ్‌తో పొరబడదగినవి మన ప్రాంతంలో ముఖ్యంగా రెండు.

ఒకటి దాని సొంత బంధువు, కామన్ రోజ్. శాస్త్రీయనామం పాక్లియోప్టా అరిస్టోలోకియే. దీని ఒళ్ళు కూడా ఎరుపే, దీనిలోనూ విషముంది. తేడా రెక్కల్లో వుంది. కామన్ రోజ్ ముందు రెక్క మీద తెల్లపట్టీలుండవు. వెనక రెక్క మధ్యలో మాత్రం తెల్లని మచ్చల గుత్తి వుంటుంది, అంచున ఎర్ర నెలవంకలుంటాయి. తేలిగ్గా గుర్తుంచుకోవాలంటే: తెలుపు ముందు రెక్క మీద వుంటే క్రిమ్సన్, వెనక రెక్క మీద వుంటే కామన్.

రెండోదే అసలు మాయావి. దాని పేరు కామన్ మార్మన్, శాస్త్రీయనామం పాపిలియో పాలిటిస్. మా నిమ్మతోటల్లో, మీ పెరట్లో కరివేపాకు మీద పెరిగేది ఇదే. దీని మగది నల్లగా వుండి వెనక రెక్క మీద అడ్డంగా తెల్లచుక్కల వరస కలిగి వుంటుంది. దానితో చిక్కు లేదు. చిక్కంతా ఆడవాటితో. ఆడ మార్మన్ మన దేశంలో మూడు రూపాల్లో పుడుతుంది. ఒక రూపం అచ్చం మగదానిలాగే వుంటుంది. రెండో రూపం స్టికియస్. ఇది కామన్ రోజ్‌ను అనుకరిస్తుంది. మూడోది రోములస్. ఇది క్రిమ్సన్ రోజ్‌ను అనుకరిస్తుంది. ముందు రెక్క మీద అవే తెల్లపట్టీలు, వెనక రెక్క మీద అవే ఎర్రమచ్చలు, ఎగరడంలో అదే నిదానం. క్రిమ్సన్ రోజ్ ఎగిరే చోటనే ఈ రోములస్ రూపం సాధారణంగా కనిపిస్తుంది. నకలు చెల్లాలంటే అసలు నాణెం ఆ వూళ్ళో చలామణీలో వుండాలి కదా!

అయితే నకలులో ఒక లోపముంది. రోములస్ రెక్కలు ఎంత దిద్దుకున్నా ఒళ్ళు మాత్రం నలుపే. అందుకే అయిదో గుర్తుకు అంత విలువ. ఇంకో చిన్న పరీక్ష కూడా వుంది. దగ్గరగా చెయ్యి వూపితే క్రిమ్సన్ రోజ్ తన నడక మార్చకుండా పోతుంది. మార్మన్ మాత్రం వేషం సంగతి మరిచిపోయి, వంకరటింకరగా గబగబా పారిపోతుంది.

పేర్ల వెనక కథ

ఈ పోలిక శాస్త్రజ్ఞుల్ని కూడా చాలాకాలం తికమక పెట్టింది. స్వీడన్‌కు చెందిన లినేయస్ 1758లో జీవులకు రెండు మాటల పేర్లు పెట్టినప్పుడు, ఛాతీ దగ్గర నెత్తుటి మచ్చలున్న తోకచిలుకలకు ట్రాయ్ యుద్ధంలోని ట్రోజన్ వీరుల పేర్లిచ్చాడు. హెక్టర్ అలా వచ్చిందే. అదే వరసలో మార్మన్ మగదానికి పామ్మన్ అనీ, ఆడదాని ఒక రూపానికి పాలిటిస్ అనీ, రెండు వేరు జాతులుగా పేర్లు పెట్టాడు. తరువాత క్రేమర్ ఇంకో ఆడ రూపానికి రోములస్ అని మూడో పేరు తగిలించాడు. ఒకే కుటుంబంలోని వాళ్ళు మూడు ఇంటిపేర్లతో వందేళ్ళకు దగ్గరగా పుస్తకాల్లో బతికారన్నమాట.

1862లో బేట్స్ అనే ఆంగ్లేయుడు అమెజాన్ అడవుల్లో తాను చూసిన సీతాకోకచిలుకల గురించి రాస్తూ, రుచిలేని విషజాతిని తినదగిన జాతి అనుకరించి పిట్టల నుంచి తప్పించుకుంటుందని వివరించాడు. దానినే ఇప్పుడు బేట్సియన్ అనుకరణ అంటున్నాం. తరువాత మూడేళ్ళకు, 1865లో వాలెస్ తన వ్యాసంలో ఈ పాలిటిస్ ఆడరూపాలన్నీ ఒకే జాతివని తేల్చాడు. 1910 దశకంలో ఫ్రయర్ సిలోనులో వీటిని తరతరాలుగా పెంచి, ఏ తల్లికి ఏ రూపం పిల్లలు పుడుతున్నారో లెక్కగట్టి, ఇది మెండెల్ సూత్రాల ప్రకారమే నడుస్తున్నదని చూపాడు. చివరకు 2014లో కృష్ణమేఘ్ కుంటే, ఆయన సహపరిశోధకులు నేచర్ పత్రికలో ఈ వేషం మీట ఎక్కడుందో చెప్పారు. కీటకాల్లో ఆడ, మగ లక్షణాలను నిర్దేశించే డబుల్‌సెక్స్ అనే ఒకే ఒక జన్యువు, ఆడ మార్మన్ వేషం వేయాలా వద్దా అన్నది కూడా నిర్ణయిస్తున్నది. మన పెరటి కరివేపాకు మీది పురుగు జన్యుశాస్త్రంలో ఇంత పెద్ద పాఠమైంది!

విషం ఎక్కడిది?

క్రిమ్సన్ రోజ్ తన విషాన్ని తాను తయారుచేసుకోదు. అది గొంగళిపురుగుగా వున్నప్పుడు తిన్న ఆకులోంచి వస్తుంది. అరిస్టోలోకియా జాతి మొక్కలు తప్ప ఇంకేవీ అది తినదు. మన వైపు ఆ మొక్కలు రెండు. ఒకటి ఈశ్వరి తీగ, అరిస్టోలోకియా ఇండికా. కంచెలకు, పొదలకు అల్లుకుంటుంది. రెండోది నేల మీద పాకే గాడిదగడప, అరిస్టోలోకియా బ్రాక్టియోలేటా. గుండెకాయ ఆకారపు ఆకు, నలిపితే వెగటు వాసన, నాలుక మీద పెట్టలేనంత చేదు. గడ్డి కొరతగా వున్న రోజుల్లో కూడా గొడ్లు దాన్ని వదిలేసి పోవడం చూశాను.

ఈ మొక్కల్లో అరిస్టోలోకిక్ ఆమ్లాలుంటాయి. గొంగళిపురుగు వాటిని ఒంట్లో దాచుకుంటుంది, ప్యూపాలోంచి బయటకొచ్చిన చిలుకలో కూడా అవి మిగులుతాయి. ఒకసారి నోట పెట్టిన పిట్ట మళ్ళీ ఆ ఎరుపు, తెలుపు, నలుపు కలయిక జోలికి పోదు. చిలుక నెమ్మదిగా ఎగరడానికి ధైర్యం అక్కడిది.

తల్లి ఈ మొక్క లేతభాగాల మీద, ఆకుల అడుగున ఎర్రని గుండ్రని గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు ముదురు ఊదా నలుపులో వుంటుంది. ఒంటి మీద ఎర్రని, మెత్తని ముళ్ళలాంటి కండబుడిపెలుంటాయి. చూడ్డానికి భయంగా వున్నా అవి గుచ్చుకోవు, బొంతపురుగులా దురద పెట్టవు. తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములాంటిది బయటికి చాచి వాసన కొడుతుంది, అంతే. కామన్ రోజ్ పిల్లపురుగు కూడా ఇదే మొక్క మీద, ఇదే తీరుగా వుంటుంది గాని, దాని నడుముకు అడ్డంగా తెల్లని పట్టీ వుంటుంది. క్రిమ్సన్ రోజ్ పురుగుకు ఆ పట్టీ వుండదు. గుడ్డు మొదలు ఎగిరే దాకా సుమారు నెల, నెలా పది రోజులు పడుతుంది.

నిమ్మ మీది మార్మన్ పురుగు వేరు. చిన్నప్పుడు పిట్టరెట్టలాగా, పెద్దయ్యాక ఆకుపచ్చగా వుంటుంది. కాబట్టి రైతుకు లెక్క సులువు. నిమ్మ ఆకు మీద పచ్చపురుగు వుంటే చిగురుకు నష్టం, లేతమొక్కలయితే ఏరి తీసేయాలి. గట్టు మీద ఎర్రముళ్ళ పురుగు కనిపిస్తే దానితో పంటకు ఏ సంబంధమూ లేదు. దానికి మందు కొట్టడం డబ్బు దండగ.

ఆ ఆకు మనిషికి మంచిదేనా?

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. పల్లెల్లో ఈశ్వరి వేరు పాముకాటుకని, గాడిదగడప ఆకురసం పిల్లల కడుపులో పురుగులకని ఇచ్చే అలవాటు పూర్వం నుంచి వుంది. 1993లో బెల్జియం డాక్టర్లు లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. బ్రస్సెల్స్‌లో సన్నబడడానికని మూలికా మందులు వాడిన ఆడవాళ్ళకు మూత్రపిండాలు చెడిపోయాయి. ఆ మందులో కలిసింది అరిస్టోలోకియాలోనే ఇంకొక జాతి అని తరువాత తేలింది. అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుందని, మనుషుల్లో క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ కూడా నిర్ధారించింది. చిలుకకు ప్రాణరక్ష అయిన ఆకు మనకు ప్రాణాంతకం. పాము కరిస్తే ఆసుపత్రికి, పిల్లల కడుపులో పురుగులుంటే డాక్టరు దగ్గరకు. ఈ మొక్క గట్టు మీద వుండాల్సిందే గాని మన గ్లాసులో కాదు.

గట్టు మీద ఎవరికి చోటు?

క్రిమ్సన్ రోజ్‌ను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో లోగడ చేర్చారు. పట్టుకోవడం, సూదికి గుచ్చడం తప్పని దాని అర్థం. మంచిదే. కాని మా వూళ్ళో ఎవరూ సీతాకోకచిలుకలు పట్టుకోరు. దానికి ముప్పు వల నుంచి కాదు, కలుపుమందు నుంచి. కూలిరేట్లు పెరిగాక గట్లు చెక్కించడం మానేసి అందరూ మందే కొట్టిస్తున్నారు. గట్టు ఒక్క రోజులో పసుపురంగుకు తిరుగుతుంది. ఈశ్వరి తీగ కంచెతోపాటు పోతుంది, కంచె స్థానంలో ఇనుపతీగ వస్తుంది. ఆకు లేకపోతే గుడ్డు లేదు, గుడ్డు లేకపోతే చిలుక లేదు. చిలుక పోతే పిట్టకు పాఠం చెప్పేవాళ్ళు లేక రోములస్ వేషానికి కూడా విలువ పోతుంది.

రైతును తప్పుపట్టడం తేలిక. గాడిదగడప నిజంగానే మొండి కలుపు, వేరు లోతుగా దిగుతుంది, పీకితే మళ్ళీ మొలుస్తుంది. పోయిన సంక్రాంతి సెలవుల్లో మా బావి పక్క మూలలో మందు కొట్టబోతుంటే నేను అడ్డుపడ్డాను.

“నాయనా, ఈ మూల రెండు బారల నేల వదిలెయ్. దీని మీద పురుగుంది.”

“పురుగుందనే కదరా కొట్టేది!”

“ఈ పురుగు నిమ్మకు ఎక్కదు నాయనా. ఈ ఆకు తప్ప ఏదీ తినదు.”

మా నాయన కాసేపు ఆ ఎర్రముళ్ళ పురుగుని చూశాడు. “సరే గాని, విత్తనం పొలంలో పడితే నువ్వే వచ్చి పీకాల” అన్నాడు. ఒప్పుకున్నాను. అది న్యాయమైన బేరమే. సేద్యం చేయని మూల, బావిగట్టు, కళ్ళం అంచు, ఇలాంటివి ప్రతి కమతంలో కొంచెమైనా వుంటాయి. ఆ కొంచెం మీదనే ఈ జాతి బతుకు ఆధారపడి వుంది. నేల మొత్తం అడగడం లేదు, పంటకు పనికిరాని అడుగే అడుగుతున్నాం.

మనం చేయగలిగింది

మన కాలేజీ మిత్రులకు నా సూచనలు మూడు. మొదటిది, సైన్సు చదివినా చదవకపోయినా ఈ వానాకాలం తరువాత ఒక పొద్దున పులికంప పొద దగ్గర అరగంట నిలబడండి. నల్లచిలుక కనిపిస్తే పైన చెప్పిన అయిదు గుర్తులూ వరసగా చూసి, తేదీ, చోటు, వాలిన పూవు రాసుకోండి. ఒళ్ళు ఎరుపా నలుపా అన్నది తప్పక రాయండి. రెండోది, బోటనీ వారి తోటలో గోడవార ఒక మడి ఈశ్వరికి, గాడిదగడపకు కేటాయిస్తే బాగుంటుంది. అక్కడ “విషమొక్క, తినరాదు” అని బోర్డు తప్పనిసరి. చిలుకలను మనం తెచ్చి వదలనక్కర్లేదు, ఆకు వుంటే వాసన పట్టి అవే వస్తాయి. మూడోది, వూళ్ళకు వెళ్ళినప్పుడు ఇంట్లో పెద్దలకు ఆ పురుగును, ఆ మొక్కను చూపించి రెండు సంగతులు చెప్పండి: ఇది పంట జోలికి రాదు, ఈ ఆకు పిల్లలకు పట్టకూడదు.

ఆ పొద మీద వాలిన వాటిలో ఎర్ర ఒళ్ళువి ఎన్ని, నల్ల ఒళ్ళువి ఎన్ని అని మనమంతా ఒక ఏడాది లెక్క రాస్తే, వచ్చే సంచికకు మన కాలేజీ ఆవరణకే చెందిన ఒక జాబితా తయారవుతుంది. నా నోటుపుస్తకంలోని పేజీలు దానికి ఇవ్వడానికి సిద్ధంగా వున్నాను.